ఎదుగుదల మందులు: గ్రామము తన పొలములో చేయదగిన పరీక్ష

వరి చిరుపొట్ట దశకు వచ్చునప్పటికి, ప్రత్తి పూత పట్టునప్పటికి, మిరప తోట పిందె తొడుగునప్పటికి మన గ్రామములలోని ఎరువుల దుకాణములయందు రంగురంగుల సీసాలు వరుసలు తీరును. వీనిని రైతులు టానిక్కులనియు, గ్రోత్ మందులనియు పిలుచుచున్నారు. ఎకరమునకు ఇన్ని బస్తాలు అదనముగా పండునని సీసాతోపాటు ఇచ్చు కాగితముపై అచ్చు వేసియుండును. కొన్నిచోట్ల యూరియా బస్తాకై వచ్చిన రైతుకు ఈ సీసాను గూడ అంటగట్టుచున్నారు. ఈ అలవాటును అరికట్టవలసినదని కేంద్ర వ్యవసాయ మంత్రి 2025 జూలైలో రాష్ట్రముల ముఖ్యమంత్రులకు లేఖ వ్రాయవలసి వచ్చెను.

ఈ సీసాలలో కొన్నిటియందు నిజమైన శక్తి గలదు. కొన్నిటి శక్తి ఒక పొలములో కనబడి మరియొక పొలములో కనబడకుండును. మరికొన్ని వట్టి రంగునీళ్ళు. ఏది యేదియో సీసాను చూచి చెప్పుట ఎవరి తరమును కాదు. పొలములో పెట్టి చూడవలయును. అట్లు చూచుటకు ఒక పద్ధతి గలదు. అది కష్టమైనది కాదు, ఖర్చుతో కూడినదియు కాదు. కాని అందులో ఒక్క మెట్టు తప్పినను ఫలితము మనలను మోసము చేయును.

ఈ విషయమును పంచాయతీ సభ్యుల ముందుంచుటకు కారణము గలదు. 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములు 29 చెప్పబడినవి. వానిలో మొట్టమొదటిది వ్యవసాయము. వ్యవసాయ విస్తరణ కార్యము గూడ అందే చేరియున్నది. మందు పనిచేసినదో లేదో ఒక్క రైతు తన ఒక్క పొలమును చూచుకొని తేల్చుకొనలేడు. ఆరుగురు రైతులు ఒక్క పద్ధతిని కలిసి చేసినచో తేల్చుకొనగలరు. ఆ ఆరుగురను కూర్చుట పంచాయతీకి తగిన పని.

ఎరువు వేరు, ఆజ్ఞ వేరు

మొదట ఈ మందుల స్వభావమును తెలిసికొందము. నత్రజని, భాస్వరము, పొటాషు మొక్కకు ఆహారము. ఎదుగుదల మందు ఆహారము కాదు. అది ఆజ్ఞ వంటిది. మొక్క తన దేహములోనే అతి సూక్ష్మ పరిమాణమున కొన్ని పదార్థములను తయారు చేసికొని, వాని మూలమున ‘ఇచ్చట సాగుము, ఇచ్చట పూయుము, ఈ ఆకును రాల్చుము, ఈ కాయను పండించుము’ అని తన అంగములకు తెలుపుకొనుచుండును. వానినే హార్మోనులందురు. ఆక్సినులు, జిబ్బరెల్లినులు, సైటోకైనినులు, ఎథిలీను, అబ్సిసిక్ ఆమ్లము, బ్రాసినోస్టెరాయిడులు అనునవి వానిలో ముఖ్యమైనవి. వీనినిగాని, వీనిని పోలిన కృత్రిమ పదార్థములనుగాని, వీని పనిని అడ్డగించు పదార్థములనుగాని బయటినుండి మనము పిచికారి చేసినప్పుడు వానిని ఎదుగుదల నియంత్రకములని పిలుచుచున్నాము.

ఆహారమునకును ఆజ్ఞకును గల భేదమును రైతులకు చెప్పుట సులభమే. ఇంటిలో బియ్యము నిండుకొన్నప్పుడు వంట చేయుమని ఎంత గట్టిగా చెప్పినను అన్నము ఉడకదు. భూమిలో జింకు లోపించినప్పుడు, మడిలో నీరు నిలిచి వేళ్ళు కుళ్ళుచున్నప్పుడు, కాండము తొలుచు పురుగు పట్టినప్పుడు ఏ ఎదుగుదల మందును పంటను నిలబెట్టలేదు.

ఈ శాస్త్రము వరి చేనులోనే ఒక ముఖ్యమైన మలుపు తిరిగినది. జపాను దేశపు రైతులు ‘బకానే’ అని పిలుచు తెగులొకటి గలదు. ఆ మాటకు వెర్రి మొక్క యని అర్థము. తెగులు సోకిన నారు తోటి మొక్కలను మించి పాలిపోయిన రంగుతో పొడవుగా సాగి, చాలవరకు గింజ పట్టకయే చచ్చిపోవును. నేటి తైవానగు ఫార్మోజా ద్వీపమున పనిచేయుచుండిన కురొసావా అను శాస్త్రజ్ఞుడు 1926లో ఆ తెగులు కలిగించు బూజును ద్రవములో పెంచి, బూజు మిగులకుండ ఆ ద్రవమును వడగట్టి, ఆరోగ్యముగానున్న నారునకు పట్టించి చూచెను. ఆ నారును వెర్రిగా సాగెను. అనగా మొక్కను సాగదీయునది బూజు కాదు, బూజు విడిచిన పదార్థము. దానికి 1935లో యబుతా అను మరియొక శాస్త్రజ్ఞుడు జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టెను. నేడు దుకాణములలో జిబ్బరెల్లిక్ ఆమ్లమను పేరుతో దొరకునది ఆ జాతి పదార్థమే.

పైరు ఎత్తు పెరుగుట వేరు, గింజ పెరుగుట వేరని ఈ కథయే చెప్పుచున్నది. పిచికారి చేసిన వారము దినములకు చేను పొడవై, పచ్చనై కనబడినంత మాత్రమున రైతు మందు పనిచేసినదని నమ్మును. దుకాణదారుడును ఆ పచ్చదనమునే చూపును. కాని లెక్కకు వచ్చునది కళ్ళములోని కాటా మాత్రమే.

ఇందులో ఒక వింత గూడ గలదు. గడచిన వందేండ్లలో వరి దిగుబడిని జిబ్బరెల్లిన్ మూలమున పెంచిన అతి పెద్ద మార్పు దానిని చల్లుటవలన గాక, తగ్గించుటవలన కలిగినది. 1966లో విడుదలయైన ఐ.ఆర్.8 వరి పొట్టి రకము. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు దీనిని పండించి పేరు పొందిన సంగతి మన పెద్దలు ఎరుగుదురు. ఆ వరి ఏల పొట్టిగా నుండెనో 2002లోగాని శాస్త్రజ్ఞులకు తెలియలేదు. మొక్కలో జిబ్బరెల్లిన్ తయారగుటకు కావలసిన ఒక జన్యువు అందులో చెడియున్నది. కాండము పొట్టిదైనందున ఎక్కువ ఎరువు వేసినను చేను పడిపోలేదు. గడ్డికి పోవలసిన బలము గింజకు పోయెను.

పనిచేయు చోటు, పనిచేయని చోటు

నియంత్రకము పనిచేసిన ప్రతిచోటను ఒక స్పష్టమైన కారణముండును. మనకు దగ్గరి ఉదాహరణము కరీంనగర్, వరంగల్లు ప్రాంతములందలి సంకర వరి విత్తనోత్పత్తి. అచ్చట ఆడ వరుసలుగా నాటు రకమున వెన్ను పొట్టాకునుండి పూర్తిగా బయటికి రాదు. కొన్ని గింజలు లోపలనే చిక్కుకొని యుండును. లోపల నున్న పువ్వునకు మగ వరుసల పుప్పొడి అందదు. ఈనిక మొదలైన తరుణమున జిబ్బరెల్లిక్ ఆమ్లము చల్లినచో వెన్ను క్రింది కాడ సాగి, వెన్ను బయటికి వచ్చును. విత్తనము ఎక్కువగా కట్టును. ఇచ్చట అడ్డంకి యేదో తెలియును, మందు దానిని తొలగించు విధమును తెలియును. అదే మందును తినుటకు పండించు మామూలు వరిపై చల్లినచో ఏమి లాభము? అందు వెన్ను తనంతట తానే బయటికి వచ్చును. పైగా కాండము సాగి చేను పడిపోవు ప్రమాదము గలదు.

ఇటువంటిదే 1960లో అమెరికాలో ప్రకటింపబడిన క్లోర్‌మెక్వాట్ సంగతి. ఇది జిబ్బరెల్లిన్ తయారీని అడ్డగించి కాండమును పొట్టిగా, గట్టిగా చేయును. నత్రజని ఎక్కువగా వేయు ఐరోపా ఖండపు గోధుమ చేలలో దీనిని విస్తారముగా వాడుచున్నారు. చేను పడిపోవు భయమున్నచోట ఇది పంటను కాపాడును. ఆ భయము లేనిచోట ఖర్చు తప్ప మిగులునది స్వల్పము. ప్రత్తిలో మెపిక్వాట్ క్లోరైడును ఈ కోవకు చెందినదే. ప్రత్తిని దగ్గర దగ్గరగా నాటునప్పుడు మొక్క ఏపుగా కొమ్మలు వేయకుండ చేయుటకు ఇది ఉపయోగపడును. పలుచగా నాటిన మెట్ట ప్రత్తిలో, వానలు లేక మొక్కయే కురుచబారియున్నప్పుడు దీనిని చల్లుట మొక్కకు మరింత హాని చేయుటయే.

ప్రత్తిలోను, మిరపలోను పూత, పిందె రాలకుండుటకు వాడు నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లమును మన రైతులు చాలమంది ఎరుగుదురు. అది ఆక్సిను జాతిది. దుకాణములలో 4.5 శాతము ద్రవముగా దొరకును. దీనిని 1 మిల్లీలీటరుకు నాలుగున్నర లీటర్ల నీరు చొప్పున కలుపవలయునని చెప్పుదురు. ఇంత పలుచన యేల? ఒక మిల్లీలీటరులో అసలు మందు 45 మిల్లీగ్రాములుండును. నాలుగున్నర లీటర్లలో కలిపినప్పుడు లీటరుకు 10 మిల్లీగ్రాములు, అనగా పది లక్షల పాళ్ళలో 10 పాళ్ళు అగును. పదహారు లీటర్ల ట్యాంకునకు మూడున్నర మిల్లీలీటర్లు చాలును. కాని పొలములో జరుగునదేమి? సీసా మూతతో ఉరమరగా పోయుదురు. ‘మరికొంత పడనిమ్ము’ అని రెండవ మూత పోయుదురు. ఈ మందునే ఎక్కువ మోతాదున ఆపిలు తోటలలో పిందెలను రాల్చి పలుచబరచుటకు వాడుచున్నారు. పిందె నిలుపు మందే పిందె రాల్చు మందు. భేదము మోతాదులోను, చల్లు తరుణములోను కలదు.

2,4-డి యను కలుపు మందును ఈ ఆక్సిను తరగతిదే. వరిలో వెడల్పాకు కలుపును చంపుటకు దానిని చల్లిన ట్యాంకును సరిగా కడుగక ప్రత్తికి వాడినచో ఆకులు చీలికలై, ముడుచుకొని బెండ ఆకుల రూపము దాల్చును. పరీక్ష చేయు గ్రామములు ఈ సంగతిని మరువరాదు. చెడిన ట్యాంకుతో చేసిన పరీక్షకు అర్థములేదు.

ఆహారపు పంటలపై వాడు నియంత్రకములకు ఆరోగ్యపు లెక్క గూడ కలదు. డామినోజైడ్ అను మందును అమెరికాలో ఆపిలుపైనను, తీగ పెరుగుదలను తగ్గించుటకు వేరుసెనగపైనను ఏండ్ల తరబడి వాడిరి. దానివలన క్యాన్సరు కలుగునేమోయను ఆందోళన చెలరేగుటతో 1989లో ఆహారపు పంటలపై దాని అమ్మకము ఆగిపోయెను.

ఒక మైనపు మందు కథ

పరీక్షాలయములో గెలిచిన మందు పొలములో ఎట్లు తడబడునో తెలిసికొనుటకు ట్రయకాంటనాల్ కథను మించినది లేదు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమున స్టాన్లీ రైస్ అను ఆచార్యుడు, ఆయన సహచరులు లూసర్న్ గడ్డి ముక్కలను పైరు విత్తనముల దగ్గర వేసినప్పుడు పంట ఎక్కువగుట గమనించిరి. ఆ గడ్డిలోని నత్రజనివలన మాత్రమే అంత పెరుగుదల కలుగదని వారికి తోచెను. వెదకగా అందులో 30 కర్బన పరమాణువులు గల ఒక మైనపు ఆల్కహాలు బయటపడెను. తేనెటీగల మైనములోను అది కలదు. దానినే ట్రయకాంటనాల్ అందురు. 1977లో ఈ వార్త ప్రకటితము కాగానే ప్రపంచమంతట ఆశ రేగెను. గ్రాములో అతి స్వల్పభాగము ఎకరములకు ఎకరములను పండించునని పత్రికలు వ్రాసినవి.

తరువాత దేశదేశముల పొలములలో పరీక్షలు జరిగినవి. ఒక పొలములో దిగుబడి పెరిగినది. ప్రక్క పొలములో మారలేదు. ఒక ఏడు వచ్చిన ఫలితము మరుసటి ఏడు రాలేదు. మైనము నీటిలో కరగదు గనుక ద్రవమును తయారుచేసిన తీరునుబట్టి ఫలితము మారుచుండెను. అటువంటివే అయిన వేరు మైనపు ఆల్కహాలులు కొద్దిగా కలిసినను దీని ప్రభావము అణగిపోవునని గూడ తేలినది. నేటికిని ట్రయకాంటనాల్ మన దేశములో అమ్మకమున కలదు. కొన్ని పంటలలో మంచి ఫలితములు ప్రకటించిన పరిశోధకులును కలరు. దానిని మేము నిందించుట లేదు. ‘అచ్చట పనిచేసినది’ అనుటనుబట్టి ‘ఇచ్చట పనిచేయును’ అని చెప్పజాలమని మాత్రము చెప్పుచున్నాము.

ఒక్క మడి సాక్ష్యము చెల్లదు

‘నా పొలములో చల్లితిని, రెండు బస్తాలు ఎక్కువ పండినవి’ అని ఒక రైతు చెప్పినప్పుడు ఆయన అబద్ధమాడుట లేదు. కాని ఆ రెండు బస్తాలు మందువలననే వచ్చినవని ఎట్లు తెలియును?

ఇంగ్లండులోని రోతమ్‌స్టెడ్ పరిశోధనాక్షేత్రమున మెర్సర్, హాల్ అను ఇరువురు ఈ ప్రశ్నకు సమాధానము వెదకిరి. ఒకే విధముగా దున్ని, ఒకే విత్తనము చల్లి, ఒకే రీతిని పెంచిన ఒక ఎకరము గోధుమ చేనును వారు 500 చిన్న ముక్కలుగా కోసి వేరువేరుగా తూచిరి. 1911లో ప్రకటించిన ఆ లెక్కలలో అతి తక్కువ పండిన ముక్కలో గింజ 2.73 పౌనులు, అతి ఎక్కువ పండిన ముక్కలో 5.16 పౌనులు. ఏ మందును చల్లలేదు. ఏ భేదమును చేయలేదు. ఐనను ఒక ఎకరములోనే దాదాపు రెండింతల తేడా! మన పొలములలో కాలువ నోటికి దగ్గరి మడి, చివరి మడి, పూర్వము పెంట పోగు వేసిన మూల, చెట్టు నీడ పడు గట్టు – ఈ భేదములు ఇంకను ఎక్కువ.

అదే రోతమ్‌స్టెడ్‌లో 1919లో చేరిన ఆర్.ఎ.ఫిషర్ ఈ చిక్కునకు పరిష్కారము చూపెను. ఆయన చెప్పినదానిలో గ్రామమునకు పనికివచ్చునవి రెండు: ఒకే పరీక్షను పలుచోట్ల చేయుట, ఏ ముక్కకు మందు చల్లవలయునో మన ఇష్టమునకు విడువక చీటి వేసి నిర్ణయించుట. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివిన సి.ఆర్.రావుగారు కేంబ్రిడ్జిలో ఈ ఫిషర్‌కే శిష్యుడై, ప్రయోగ రచనా శాస్త్రమున ప్రపంచఖ్యాతి పొందిరని చెప్పుట తెలుగువారికి ఇంపుగానే యుండును.

గ్రామములో చేయు విధము

ఒకే పంట, ఒకే రకము, ఇంచుమించు ఒకే వారములో నాటిన ఆరుగురు రైతులను ఎన్నుకొనవలయును. కొందరు పల్లపు భూమివారు, కొందరు మెరక భూమివారు ఉండుట మంచిది. ప్రతి రైతు పొలములోను ఒకే గుణము గల చోట ప్రక్కప్రక్కగా రెండు ముక్కలను కొలిచి కొయ్యలు పాతవలయును. కోతకు 5 సెంట్లు చొప్పున మిగులునట్లు, చుట్టును కొంత అంచు విడిచి, ఒక్కొక్క ముక్క 7 సెంట్లుండిన చాలును. 5 సెంట్లని చెప్పుటలో సౌకర్యము కలదు: వచ్చిన తూకమును 20తో హెచ్చించినచో ఎకరపు లెక్క అగును. ఒక మడినుండి రెండవ మడికి నీరు పారుచోట పై మడిని ఒక ముక్కగా, క్రింది మడిని మరియొక ముక్కగా తీసికొనరాదు. పై మడిలోని ఎరువు క్రింది మడికి కొట్టుకొనివచ్చి లెక్కను చెరచును.

పిమ్మట చీటి వేయవలయును. ఈ మెట్టునే అందరును అనవసరమని దాటివేయుదురు. రైతు మంచివాడైనను, మందుపై ఆశ పెట్టుకొన్నవాడు తనకు తెలియకయే బలమైన ముక్కను మందునకు ఇచ్చును. కంపెనీ ప్రతినిధి మరింత తెలిసియే ఇచ్చును. పంచాయతీ సభ్యుని యెదుట ఒక బాలునిచే చీటి తీయించినచో ఈ వివాదమే యుండదు.

రెండవ ముక్కను ఊరక విడువరాదు. దానిపై అదే రోజున, అదే ట్యాంకుతో, అదే పరిమాణమున మంచినీటిని పిచికారి చేయవలయును. ఎండలో వాడిన పైరునకు నీటి తుంపరయే కొంత మేలు చేయవచ్చును. మొదట నీరు, పిదప మందు చల్లినచో ట్యాంకులోని మందు శేషము నీటి ముక్కపై పడదు. గాలి లేని ఉదయమునగాని సాయంకాలమునగాని చల్లవలయును. మోతాదును సీసా మూతతో గాక, గీతలు గల కొలపాత్రతోగాని, సూది తీసివేసిన సిరంజితోగాని కొలువవలయును.

సీసాపై జింకు, బోరాను, నత్రజని వంటివి వ్రాసియున్నచో మూడవ ముక్క కూడ పెట్టుడని మా సలహా. దానిపై అవే పోషకములను దుకాణములో చౌకగా దొరకు రూపమున, లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు వలె, చల్లవలయును. అప్పుడు పనిచేసినది వందల రూపాయల రహస్యమా, పదుల రూపాయల జింకా అన్నది తేలిపోవును. సీసాలో ఉన్న ‘రహస్యము’ తరచుగా ఇదియే.

ఇతర పనులన్నియు – ఎరువు, నీరు, కలుపు, పురుగుమందు – అన్ని ముక్కలకును సమానముగా జరుగవలయును. కోతనాడు తూకము వేయువారికి ఏ ముక్క ఏదియో తెలియకుండుట మంచిది. కొయ్యలపై ‘అ’, ‘ఆ’ అని మాత్రము వ్రాసి, అసలు జాబితాను కవరులో పెట్టి పంచాయతీ కార్యాలయమున ఉంచినచో చాలును. ఒక పొలములోని ముక్కలన్నిటిని ఒకేరోజున కోసి, నూర్చి, ఒకే కాటాపై తూచవలయును. ధాన్యపు తేమను గూడ కొలిచి వ్రాయవలయును. కొనుగోలు కేంద్రములలో 17 శాతము తేమను చూచు యంత్రమే ఇందులకును పనికివచ్చును. ప్రత్తిలో మొదటి తీతను మాత్రము చూచి తీర్పు చెప్పరాదు. తొలి కాయలను నిలుపు మందు మొదటి తీతను పెంచి, తరువాతి తీతలను తగ్గింపవచ్చును. అన్ని తీతలను కూడినదే దిగుబడి.

లెక్క చూచు తీరు

ఉదాహరణమునకై కొన్ని అంకెలను ఊహించుకొందము. ఆరు వరి పొలములలో, మందు ముక్క తూకమునుండి నీటి ముక్క తూకమును తీసివేయగా వచ్చిన తేడాలు కిలోలలో ఇట్లున్నవనుకొనుడు: మొదటి పొలములో 8 ఎక్కువ, రెండవదానిలో 5 తక్కువ, మూడవదానిలో 2 ఎక్కువ, నాలుగవదానిలో 6 తక్కువ, అయిదవదానిలో 5 ఎక్కువ, ఆరవదానిలో 1 తక్కువ. మొదటి రైతు ఒక్కనినే అడిగినచో ఎకరమునకు 160 కిలోలు, అనగా రెండు బస్తాలకు మించి లాభమని చెప్పును. రెండవ రైతు 100 కిలోలు నష్టమని చెప్పును. ఇరువురును సత్యమే పలుకుచున్నారు. ఆరు తేడాలను కూడగా మిగులునది 3 కిలోలు. సగటున ముక్కకు అర కిలో, ఎకరమునకు 10 కిలోలు. 2025–26 ఖరీఫ్‌లో సాధారణ రకపు ధాన్యమునకు క్వింటాలు మద్దతు ధర 2,369 రూపాయలు. ఆ లెక్కన 10 కిలోల విలువ సుమారు 237 రూపాయలు. మందునకును, పిచికారి కూలికిని 700 రూపాయలు అయినవనుకొన్నచో రైతు చేతినుండి పోయినది ఎంతో చెప్పనక్కరలేదు. పైగా ఆరింట మూడు అటు, మూడు ఇటు ఉన్నప్పుడు ఆ 10 కిలోలైనను మందువలన వచ్చినవని నమ్ముటకు ఆధారము లేదు.

ఆరింట ఆరును మందు పక్షముననే వచ్చినచో సంగతి వేరు. మందులో ఏ శక్తియు లేనప్పుడు ఆరు ముక్కలును అటే మొగ్గుట, ఆరు నాణెములను ఎగురవేయగా ఆరును బొమ్మ పడుట వంటిది. అది 64 పర్యాయములలో ఒక్కమారు మాత్రమే జరుగును. అట్టి మందును శ్రద్ధతో చూడవలసినదే. ఆరింట అయిదుగాని అంతకు మించిగాని అటు మొగ్గుట 64లో 7 పర్యాయములు, అనగా తొమ్మిదింట ఒకమారు వట్టి అదృష్టముచేతనే జరుగవచ్చును. కనుక అయిదు వచ్చినచో తొందరపడక మరుసటి పంటకాలమున మరల చేయుట ఉచితము. ఆరు వచ్చినను ఖరీఫ్ ఫలితమును రబీకి అంటగట్టరాదు. వాన, ఎండ, మబ్బు మారినప్పుడు మొక్కలోని ఆజ్ఞలును మారును.

కొనుటకు ముందు చూడవలసినవి

చట్టము ఈ సీసాలను రెండు తెగలుగా చూచుచున్నది. జిబ్బరెల్లిక్ ఆమ్లము, నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లము, క్లోర్‌మెక్వాట్ వంటి ఎదుగుదల నియంత్రకములు 1968 నాటి కీటకనాశినుల చట్టము క్రిందికి వచ్చును. వానికి నమోదు సంఖ్య యుండితీరవలయును, ఏ పంటపై ఏ మోతాదున వాడవలయునో ఆ నమోదులోనే నిర్ణయింపబడును. సముద్రపు నాచు సారము, హ్యూమిక్ ఆమ్లము, అమైనో ఆమ్లములు మొదలగునవి జీవ ఉత్ప్రేరకములను పేరుతో 2021 ఫిబ్రవరిలో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు క్రిందికి తేబడినవి. అంతకుముందు ఇవి ఏ అదుపును లేక అమ్ముడుపోవుచుండినవి. తాత్కాలిక అనుమతులపై సాగిన అమ్మకములకు గడువు 2025 జూన్ 16తో ముగిసినది. ఒకప్పుడు సుమారు 30,000 రకములు విచ్చలవిడిగా అమ్ముడుపోయెననియు, తనిఖీ గట్టిపడిన పిమ్మట అవి సుమారు 650కి తగ్గిపోయెననియు కేంద్రమంత్రి 2025 జూలైలో తెలిపిరి. ఈ రెండు అంకెల నడుమ నున్న అంతరమును చూచినప్పుడు రైతుల డబ్బు ఎన్ని ఏండ్లు ఏ దారిన పోయినదో సభ్యులే ఊహింపగలరు.

కనుక పరీక్షకైనను, వాడకమునకైనను సీసా కొనునప్పుడు బిల్లు తీసికొనవలయును. బిల్లుపై మందు పేరు, బ్యాచి సంఖ్య ఉండవలయును. అనుమతి సంగతి మండల వ్యవసాయాధికారిని అడిగి తెలిసికొనవచ్చును. ఎరువుల నమూనాలు తీయు అధికారమును ఆయనకు కలదు. యూరియాతో సీసా కొనితీరవలయునని దుకాణదారుడు పట్టుపట్టినచో రైతు వ్రాతమూలముగా ఆయనకే ఫిర్యాదు చేయవలయును. పంచాయతీ ఆ ఫిర్యాదునకు తోడు నిలువవలయును.

పరీక్ష ముగిసిన తరువాత ఫలితములను గ్రామసభలో చదివి, పంచాయతీలో ఒక పుస్తకమున వ్రాసి యుంచవలయును. రైతు పేరు, భూమి రకము, వరి రకము, నాటిన తేదీ, చల్లిన తేదీ, మోతాదు, రెండు ముక్కల తూకములు, తేమ – ఇంతయే చాలును. ఫలితము లేదని తేలినవానిని గూడ వ్రాయవలయును. దుకాణపు కాగితములలో కనబడనివి అవియే. ఒక నకలును దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రమునకు పంపినచో అచ్చటి శాస్త్రజ్ఞులు ఇతర గ్రామముల లెక్కలతో కలిపి చూడగలరు. ఖాళీ సీసాను, దాని చీటీని, బిల్లును కోత పూర్తియై తూకము వ్రాయువరకు పారవేయక భద్రముగా ఉంచవలయును.